యుద్ధానంతర జర్మన్ లగ్జరీ కార్ల మోడళ్లు: సేకరించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఏ కార్ల చిన్న నమూనాల (స్కేల్ మోడళ్ల) గురించి మాట్లాడుతున్నాం? ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

1951 నుంచి మొదలుపెట్టండి. యుద్ధం 1945లో ముగిసినా, జర్మనీలో ఫ్యాక్టరీలు లేచి నిలబడి, పెద్ద కార్లు కొనే జనం మళ్లీ కనిపించడానికి ఆరేళ్లు పట్టింది. 1951 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మెర్సిడెస్ 300, బీఎండబ్ల్యూ 501 రెండూ జనం ముందుకు వచ్చాయి. పశ్చిమ జర్మనీ మొదటి చాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ ఆ 300ను ఎంచుకోవడంతో ఆ కారుకు ఆయన పేరే స్థిరపడింది. ఇప్పటికీ అందరూ దాన్ని 'అడెనావర్' అనే పిలుస్తారు.

ఎక్కడ ఆపాలన్నది మీ ఇష్టం. నేనైతే 1972 దగ్గర ఆపుతాను. ఆ ఏడాది వచ్చిన డబ్ల్యు 116 ఎస్-క్లాస్‌తో వెడల్పు దీపాలు, రబ్బరు పట్టీల బంపర్లు మొదలయ్యాయి. నిలువు దీపాలు, సన్నటి క్రోమ్ గీతల కాలం అక్కడితో అయిపోయింది. మెర్సిడెస్ 600 మాత్రం 1981 దాకా తయారైంది కానీ, అది 1963 నాటి కారు కాబట్టి ఈ వైపే లెక్క.

అంటే మెర్సిడెస్ తప్ప ఇంకేం లేవా?

ఉన్నాయి, పైగా అవే ఎక్కువ సరదా. బీఎండబ్ల్యూ 501, 502ల గుండ్రటి ఒంపులు చూసి జర్మన్లు 'బరోక్ దేవదూత' అని పేరు పెట్టారు. 1954లో వచ్చిన 502లో యుద్ధం తర్వాతి తొలి జర్మన్ వీ8 ఇంజిన్ ఉంది. బ్రెమెన్‌లో బోర్గ్‌వార్డ్ కంపెనీ ఇసబెల్లా కూపే, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పీ100 చేసి, 1961లో కుప్పకూలింది. ఓపెల్ వాళ్ల కపిటేన్, అడ్మిరల్, డిప్లొమాట్ ఉన్నాయి. డింగోల్‌ఫింగ్‌లో గ్లాస్ అనే చిన్న కంపెనీ ఇటలీ డిజైనర్ ఫ్రువాతో వీ8 కూపే చేయించుకుంది. అది మాసెరాటీలా ఉందని జనం 'గ్లాసెరాటీ' అన్నారు. తూర్పు జర్మనీలో కూడా పార్టీ పెద్దల కోసం త్స్వికావులో సాక్సెన్‌రింగ్ పీ240 తయారైంది.

అందరి షెల్ఫుల్లోనూ గల్‌వింగ్, అంటే తలుపులు పైకి తెరుచుకునే మెర్సిడెస్ 300 ఎస్ఎల్, ఉంటుంది. దాని పక్కన ఒక బోర్గ్‌వార్డ్, ఒక సాక్సెన్‌రింగ్ ఉంటే ఆ సేకరణలో ఒక కథ కనిపిస్తుంది: ఎవరు నిలబడ్డారు, ఎవరు మునిగారు, సరిహద్దుకు అవతల ఏం జరిగింది. నా ఓటు దానికే.

ఏ స్కేల్‌తో మొదలుపెట్టాలి?

ముందు టేపు తెచ్చి మీ బీరువా కొలవండి. ఇది తేలిగ్గా చెబుతున్న మాట కాదు. మెర్సిడెస్ 600లో పొడుగు రకమైన పుల్‌మాన్ అసలు పొడవు 6,240 మి.మీ. అది 1:18లో, అంటే అసలులో పద్దెనిమిదో వంతు సైజులో, దాదాపు 35 సెంటీమీటర్లు అవుతుంది. మన ఇళ్లలో పుస్తకాల అల్మరా లోతు చాలావరకు ఒక అడుగే ఉంటుంది. ముక్కు బయటికి పెట్టి నిలబెట్టాలంటే తలుపు మూసుకోదు. అదే కారు 1:43లో పద్నాలుగున్నర సెంటీమీటర్లు, 1:87లో ఏడు చిల్లర. 300 ఎస్ఎల్ గల్‌వింగ్ చిన్న కారు కాబట్టి 1:18లో 25 సెం.మీ., 1:43లో పదిన్నర.

1:43 బొమ్మ రైళ్లలో 'ఓ' అనే గేజ్ (పట్టాల సైజు) పక్కన పెట్టే కార్ల కోసం పుట్టిన కొలత. 1:87 అందులో సగం, అంటే హెచ్‌ఓ గేజ్. 1:18 మాత్రం పూర్తిగా షోకేసు కోసమే.

నా లెక్క ఇలా ఉంటుంది. సెడాన్లు, లిమోజిన్లు అయితే 1:43. ఈ కార్ల అందం మొత్తం ఒంటి తీరులో ఉంది, దాన్ని అర చేతిలో పట్టేంత సైజులో, పది కార్లు వరసగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అడెనావర్ నుంచి పాంటన్ అనే యాభైల మెర్సిడెస్‌కి, పాంటన్ నుంచి వెనక రెక్కలున్న ఫిన్‌టెయిల్‌కి, అక్కడి నుంచి 600కి గీత ఎలా మారిందో 1:43 వరసలో కనిపించినట్టు మరే సైజులోనూ కనిపించదు. ఇంజిన్ చూడదగ్గ స్పోర్ట్స్ కార్లకు 1:18. అవి ఒకటో రెండో చాలు. ఇల్లు చిన్నదైతే 1:87 తీసుకోండి. వీకింగ్, బ్రెకినా, హెర్పా, బుష్ లాంటి జర్మన్ కంపెనీలు ఆ సైజులో ఎన్నో చేశాయి, ఒక చెప్పుల పెట్టెలో ఊరంత ట్రాఫిక్ పడుతుంది.

డైకాస్ట్ మంచిదా, రెసిన్ మంచిదా?

డైకాస్ట్ అంటే జింక్ మిశ్రమాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పోస్తారు. ఆ అచ్చు చాలా ఖరీదు. వేలల్లో అమ్మితే తప్ప గిట్టుబాటు కాదు. అందుకే డైకాస్ట్‌లో గల్‌వింగ్‌లు, పగోడాలు (మెర్సిడెస్ 230 ఎస్ఎల్‌లు) పుష్కలంగా దొరుకుతాయి, గ్లాస్ వీ8 లాంటివి అరుదు. రెసిన్ అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం, దాన్ని సిలికాన్ అచ్చులో పోస్తారు. ఆ అచ్చు చవక, కానీ తొందరగా అరిగిపోతుంది. కొన్ని వందల మోడళ్లకు అది చాలు. ఎవరూ పట్టించుకోని కారు కావాలంటే మీరు చేరేది రెసిన్ దగ్గరికే. నియో, ఆటోకల్ట్ లాంటి పేర్లు అక్కడ వినిపిస్తాయి.

రెసిన్‌కి సాధారణంగా తలుపులు తెరుచుకోవు. వేడికి వంగే గుణం కూడా ఉంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో రెసిన్ మోడల్ వదిలి గుడిలోకి వెళ్లి రాకండి.

తలుపులు తెరుచుకోకపోతే ఇంక ఏం మోడల్?

ఈ ప్రశ్న ఎక్కువగా 1:18తో మొదలుపెట్టిన వాళ్ల దగ్గర నుంచి వస్తుంది. అసలు కారులో తలుపు చుట్టూ సందు 5 మి.మీ. ఉందనుకోండి. 1:43లో అది 0.12 మి.మీ. కావాలి. కదిలే తలుపుతో అంత సన్నగా రాదు. అందుకే తెరుచుకునే తలుపుల చిన్న మోడళ్లు చుట్టూ నల్ల గీత గీసినట్టు ఉంటాయి. మూసే ఉన్న మోడల్‌లో ఆ గీత సన్నగా చెక్కి వదిలేస్తారు, దూరం నుంచి అదే నిజంగా ఉంటుంది. 1:18లో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఏ కంపెనీ మోడళ్లు కొనాలి?

కంపెనీ పేరు చూసి కాదు, ఆ ఒక్క మోడల్ చూసి కొనాలి. అయినా రంగంలో ఎవరెవరు ఉన్నారో తెలిసి ఉండాలి కదా.

చవకలో బురాగో, మైస్టో. ఇటలీ కంపెనీగా ఉన్న బురాగో తర్వాత మైస్టో యజమానుల చేతికే వెళ్లింది. బురాగో 1:18 గల్‌వింగ్ చూసి ఈ పిచ్చిలో పడినవాళ్లు లెక్కలేనంత మంది. ఫ్రాన్స్ నుంచి నోరెవ్ మధ్య ధరలో మెర్సిడెస్‌లు బాగా చేస్తోంది. దాని పేరు తిరగేసి చదివితే స్థాపకుడి ఇంటి పేరు 'వెరోన్' వస్తుంది. ఆఖెన్ నగరంలో 1990లో మొదలైన మినిచాంప్స్ 1:43కి కొలబద్ద లాంటిది. ఈ విభాగంలో వాళ్ల పాత జాబితా వెతికితే బోర్గ్‌వార్డ్ ఇసబెల్లా కూడా దొరుకుతుంది. షూకో 1912లో న్యూరెంబర్గ్‌లో పుట్టి, 1976లో దివాలా తీసి, చేతులు మారి మళ్లీ లేచింది. హాంకాంగ్ ఆటోఆర్ట్ 1:18లో నాణ్యతకు పేరు. ఈమధ్య వాళ్లు లోహం బదులు కాంపోజిట్ ప్లాస్టిక్ ఒళ్లు వాడుతున్నారని పాత అభిమానులు గొణుగుతుంటారు. బరువు తగ్గింది నిజమే కానీ సందులు ఇంకా సన్నబడ్డాయి కూడా.

పై మెట్టు మీద సీఎంసీ. స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాఖ్‌లో 1995లో మొదలైంది. ఒక్కో మోడల్‌లో వెయ్యికి పైగా భాగాలు, చేత్తో కూర్పు, ధర వందల యూరోల్లో. దాని బానెట్ ఎత్తి చూసిన వాళ్లకు ధర గురించి చెప్పక్కర్లేదు, చూడని వాళ్లకు చెప్పినా నమ్మరు.

ఇవి కాక మెర్సిడెస్, బీఎండబ్ల్యూ షోరూమ్ డబ్బాల్లో అమ్మే మోడళ్లు ఉంటాయి. అవి వాళ్లు సొంతంగా చేసినవి కావు, పైన చెప్పిన కంపెనీలవే. రంగు వేరు, డబ్బా వేరు. మెర్సిడెస్ డబ్బా మీద 'బీ6'తో మొదలయ్యే పార్టు నంబరు ఉంటుంది. ఆ ప్రత్యేకమైన రంగు కోసమే వెతికే వాళ్లున్నారు.

మోడల్ బాగుందో లేదో ఫోటో చూసి ఎలా చెప్పాలి?

అసలు కారు పాత ఫోటో ఒకటి పక్కన పెట్టుకోకుండా చూడొద్దు. తెరుచుకునే భాగాలు ఎన్ని, చక్రాలు తిరుగుతాయా అని అడిగే ముందు ఒంటి కొలతలు చూడాలి.

పక్క నుంచి చూడండి. నేలకు కారుకు మధ్య ఎత్తు, చక్రం పైన ఖాళీ సరిగ్గా ఉన్నాయా? యాభైల నాటి కార్లు కాస్త ఎత్తుగా నిలబడతాయి. మోడల్ చేసేవాళ్లకు కారును కిందికి దించాలన్న సరదా ఎక్కువ. అడెనావర్‌ని అలా కిందికి దించితే చాన్సలర్ కారు కాస్తా కుర్రాడి కారైపోతుంది.

తర్వాత పైకప్పు. 230 ఎస్ఎల్‌కి 'పగోడా' అన్న పేరు వచ్చిందే దాని హార్డ్‌టాప్ మధ్యలో లోపలికి వంగి ఉండటం వల్ల. చవక మోడళ్లలో ఆ వంపు సగానికి సగం చదునైపోతుంది. ఫిన్‌టెయిల్‌లో వెనక రెక్కల ఎత్తు చూడండి. మెర్సిడెస్ వాళ్లు వాటిని అలంకారంగా ఒప్పుకోలేదు, కారు వెనక్కి తీసేటప్పుడు కొస ఎక్కడుందో కనిపించడానికి పెట్టామన్నారు. అవి మరీ లేచి కనిపిస్తే అది అమెరికన్ కారులా అవుతుంది.

ఇక అడెనావర్లో రెండు రకాలు. 1957లో వచ్చిన 300డీ చక్రాల మధ్య దూరం 3,050 నుంచి 3,150 మి.మీ.కి పెరిగింది, పక్క అద్దాలు దించితే మధ్యలో స్తంభం ఉండదు. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఈ రెండూ కలిపి రాసేస్తుంటారు.

క్రోమ్ ఎంత మెరుస్తుందో కాదు, ఎంత సన్నగా ఉందో చూడాలి. లోహపు రేకును ఆసిడ్‌తో కోసిన ఫోటో-ఎచ్ భాగాలుంటే వైపర్లు, గ్రిల్లు నిజమైనట్టు ఉంటాయి. ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత వేస్తే మందంగా వస్తుంది. మెటాలిక్ రంగు దగ్గర కూడా జాగ్రత్త. మెర్సిడెస్ డీబీ 180 సిల్వర్ గ్రే అసలు కారు మీద పట్టులా ఉంటుంది. చిన్న మోడల్ మీద అదే పెయింట్ వేస్తే రేణువులు పెద్దవైపోయి, పండగ మెరుపు చల్లినట్టు కనిపిస్తుంది.

నంబరు ప్లేటు చాలామంది చూడరు. పశ్చిమ జర్మనీలో తెల్ల పలక మీద నల్ల అక్షరాలు వచ్చింది 1956లో. స్టుట్‌గార్ట్‌కి ఎస్, మ్యూనిక్‌కి ఎం. అంతకుముందు, యుద్ధం గెలిచిన దేశాల ఆక్రమణ ప్రాంతాల అక్షరాలతో నల్ల పలక మీద తెల్ల అంకెలు ఉండేవి. 1952 కారుకి తెల్ల ప్లేటు తగిలిస్తే అది తప్పు కాదు, ఆ కారు 1956 తర్వాత కూడా తిరిగిందనుకోవచ్చు. కానీ నల్ల ప్లేటు పెట్టిన కంపెనీ హోంవర్క్ చేసిందని అర్థం. అలాగే అమెరికా చట్టం ప్రకారం పెట్టే గుండ్రటి సీల్డ్ బీమ్ దీపాలు, స్టుట్‌గార్ట్ ప్లేటు ఒకే కారు మీద ఉంటే అనుమానించండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక్క విషయం: బానెట్ మీద నక్షత్రం ఉందా? ఎప్పుడూ మొదట విరిగేది అదే. ఫోటోలో ముక్కు కనిపించకుండా తీశారంటే కారణం ఉంటుంది.

గల్‌వింగ్ మోడళ్లు ఇన్ని ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

అసలు ఆ తలుపు పైకి ఎందుకు తెరుచుకుంటుందో చూపించే మోడల్ తీసుకోండి. 300 ఎస్ఎల్ ఒంటి కింద సన్నటి గొట్టాలతో అల్లిన చట్రం ఉంటుంది. ఆ గొట్టాలు పక్కల ఎత్తుగా రావడంతో మామూలు తలుపు పెట్టే చోటు లేకపోయింది. తలుపును కప్పుకి కీలు వేసి పైకి తిప్పారు. కాబట్టి గడప ఎంత ఎత్తుగా, వెడల్పుగా ఉందన్నదే ఈ మోడల్‌కి పరీక్ష. తలుపులు ఎత్తి, గడప చూడండి. అది పల్చగా ఉంటే మిగతా ఎంత మెరిసినా లాభం లేదు.

చేత్తో కట్టుకోగలిగితే టమియా 1:24 కిట్ ఉంది. అందులో ఆ గొట్టాల చట్రం మొత్తం మీరే అతికించాలి. కట్టాక ఒళ్లు పైన పెడితే అంతా లోపలికి వెళ్లిపోతుంది, అది వేరే బాధ.

ఈ కారు అమెరికా కోసం పుట్టింది. న్యూయార్క్‌లో యూరప్ కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ పట్టుబట్టడంతో రేసు కారును రోడ్డు కారుగా మార్చి 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోనే మొదట చూపించారు. కూపేలు 1,400 మాత్రమే తయారయ్యాయి. తర్వాత 1963 దాకా 1,858 రోడ్‌స్టర్లు, అంటే కప్పు తీసే రకం.

దాని ముందరి రేసు కారు డబ్ల్యు 194 మోడళ్లలో ఒకదానికి ముందు అద్దం మీద నిలువు కడ్డీలు ఉంటాయి. చూసినవాళ్లు అదేదో జైలు కిటికీ అనుకుంటారు. 1952లో మెక్సికోలో కరేరా పానమెరికానా రేసులో కార్ల్ క్లింగ్, హాన్స్ క్లెంక్ వెళ్తున్న కారు అద్దాన్ని ఒక రాబందు పగలగొట్టుకుని లోపల పడింది. మళ్లీ పక్షి రాకుండా కడ్డీలు బిగించి, రేసు గెలిచారు. ఇంటికొచ్చిన వాళ్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఉన్న మోడల్ నాకు తెలియదు.

మెర్సిడెస్ 600లో చిన్నదా, పుల్‌మానా?

1963లో వచ్చిన ఈ కారు మొత్తం 2,677 తయారైతే అందులో చిన్నవి 2,190, పుల్‌మాన్లు 428, వెనక కప్పు మడిచే లాండోలెట్లు 59. కిటికీలు, సీట్లు, డిక్కీ అన్నీ 150 బార్ల హైడ్రాలిక్ ఒత్తిడితో చప్పుడు లేకుండా కదులుతాయి. జాన్ లెనన్ నుంచి యుగోస్లావియా అధినేత టిటో దాకా కొన్నారు. మోడల్‌గా చిన్నదే బాగుంటుందని నా అభిప్రాయం. మెర్సిడెస్ డిజైనర్ పాల్ బ్రాక్ ఆ డబ్బా ఆకారానికి ఇచ్చిన తూకం పుల్‌మాన్‌లో సాగిపోయి పలచబడుతుంది. కానీ చూడటానికి వచ్చిన వాళ్లంతా వేలు పెట్టేది పుల్‌మాన్ మీదే.

బ్రిటిష్ బొమ్మల కంపెనీ కార్గీ 1960లలో చేసిన 600 పుల్‌మాన్ బొమ్మకు వైపర్లు నిజంగా ఆడేవి. పిల్లల బొమ్మ అది. ఇప్పుడు ఆ వైపర్లు పనిచేస్తున్నవి దొరికితే వదలకండి.

300 ఎస్ఈఎల్ 6.3 అని అమ్ముతున్నది నిజంగా 6.3యేనా?

అడగాల్సిన ప్రశ్నే. ఆ కారు గొప్పతనమే బయటికి కనిపించకపోవడం. 1968లో మామూలు పెద్ద సెడాన్‌లో 600 ఇంజిన్ పెట్టేశారు, వెనక డిక్కీ మీద '6.3' అన్న చిన్న అంకె తప్ప తేడా తెలియదు. మోడల్ కంపెనీలు కూడా ఒకే అచ్చు వాడి అంకె ముద్రిస్తాయి. దీని ఎర్ర రేసు రూపం, 1971లో బెల్జియంలోని స్పా 24 గంటల రేసులో రెండో స్థానంలో వచ్చిన, ఏఎంజీ కంపెనీ మార్చిన 6.8, మోడళ్లలో బాగా అమ్ముడుపోతుంది. అసలు కారు తర్వాత మాత్రా కంపెనీకి విమాన చక్రాల పరీక్షల కోసం వెళ్లి, కనుమరుగైపోయింది. కాబట్టి ఈరోజు ప్రదర్శనల్లో కనిపించేది కూడా ఒక రకంగా 1:1 మోడలే.

బీఎండబ్ల్యూ 507 ఏ రంగులో కొనాలి?

తెలుపు. ఎల్విస్ ప్రెస్లీ జర్మనీలో అమెరికా సైన్యంలో ఉన్నప్పుడు నడిపింది ఈ స్పోర్ట్స్ కారే, తెల్ల 507. ఒంటి మీద లిప్‌స్టిక్ రాతలు ఎక్కువైపోవడంతో ఎరుపు వేయించాడంటారు. చాలా ఏళ్లకు కాలిఫోర్నియాలో బయటపడిన ఆ కారును బీఎండబ్ల్యూ బాగుచేసి, మళ్లీ తెలుపులో 2016లో ప్రదర్శించింది. డిజైనర్ ఆల్బ్రెక్ట్ గోర్ట్స్ గీసిన ఆ గీత లేత రంగులోనే కనిపిస్తుంది, ముదురు రంగుల్లో పక్కనున్న మొప్పల్లాంటి గాలి సందుల నీడ మాయమవుతుంది.

దీని వెనకా మాక్స్ హాఫ్‌మనే. 5,000 డాలర్లకు అమ్ముదామనుకున్నారు, తయారయ్యేసరికి ధర దాదాపు రెట్టింపైంది. 250 చిల్లర కార్లతో ఆగిపోయింది. 1959 డిసెంబర్‌లో బీఎండబ్ల్యూ అమ్ముడుపోయే దాకా వచ్చి, పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ డబ్బు పెట్టడంతో బతికింది.

ఆ కాలంలోనే తయారైన పాత బొమ్మలు సేకరించడం మంచిదా?

అది వేరే సేకరణ. కొలతల కోసం కాదు, కాలం కోసం. మెర్క్‌లిన్ వాళ్ల యాభైల నాటి 1:43 లోహపు కార్లు, కొలోన్‌లో ప్రేమెటా వాళ్లు చేసిన తాళంచెవి తిప్పితే నడిచే కార్లు, వీకింగ్ వాళ్ల కిటికీలకు అద్దాలు లేని గట్టి ప్లాస్టిక్ కార్లు, లెస్నీ కంపెనీ మ్యాచ్‌బాక్స్ 230 ఎస్ఎల్. వీటిలో పెయింట్ రాలి ఉన్నా విలువే, మళ్లీ పెయింట్ వేస్తే విలువ పోతుంది. రీపెయింట్, కొత్తగా ముద్రించిన డబ్బాలు ఈ విభాగంలో పెద్ద తలనొప్పి. అట్ట అంచులు మరీ పదునుగా, లోపలి వైపు మరీ తెల్లగా ఉన్న డబ్బాను నమ్మకండి.

పాత మోడల్ ఒళ్లు పగుళ్లిచ్చి, ఉబ్బుతోంది. ఏం చేయాలి?

దాన్ని జింక్ పెస్ట్ అంటారు. జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన 'జమాక్' మిశ్రమంలో సీసం లాంటి మలినం కొంచెం కలిసినా, ఏళ్లు గడిచాక లోహపు రేణువుల మధ్య తుప్పు పుట్టి ఒళ్లు పగులుతుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. మందు లేదు. పక్క కారుకి అంటుకుంటుందని చాలామందికి భయం. అంటుకోదు. విడి మోడల్‌లో పుట్టుకతో వచ్చిన జబ్బు అది. చల్లటి పొడి చోట పెడితే నెమ్మదిస్తుంది, అంతే.

కొత్త మోడళ్ల మీద పెయింట్ కింద వచ్చే సన్నటి పొక్కులు వేరు. తేమలో, ప్లాస్టిక్ కాగితం, ఫోమ్ ఒంటికి అంటుకుని ఏళ్ల తరబడి డబ్బాలో ఉంటే అవి వస్తాయి.

టైర్లు షోకేసు అడుగున అతుక్కుపోయాయి!

మెత్తటి ప్లాస్టిక్ టైర్లలోని ప్లాస్టిసైజర్ బయటికి వచ్చి, కింది ప్లాస్టిక్‌ని కరిగిస్తోంది. కారును అడుగు నుంచి స్క్రూతో బిగించి టైర్లు నేలకు తగలకుండా కొంచెం లేపండి, లేదా కింద అద్దం ముక్క పెట్టండి.

మన వాతావరణంలో వీటిని ఎలా దాచాలి?

విశాఖలో, కాకినాడలో సముద్రం గాలి. హైదరాబాద్‌లో ఎండ, దుమ్ము. రెండింటికీ వేర్వేరు జాగ్రత్తలు. తీర ప్రాంతంలో అద్దాల బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా ఎండబెట్టండి. డబ్బాలు అటక మీద వద్దు, అక్కడ వేసవిలో వేడి, వానాకాలంలో చెమ్మ రెండూ ఎక్కువే. హైదరాబాద్‌లో కిటికీకి ఎదురుగా షోకేసు పెట్టకండి. ఎండకు తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది, ఎర్ర పెయింట్ వెలిసిపోతుంది. దీపం ఎల్‌ఈడీ అయితే చాలు.

ముఖ్యంగా ఒకటి: బట్టల బీరువాలో వేసే నాఫ్తలీన్ గోళీలు మోడళ్ల బీరువాలో వేయకండి. ఆ ఆవిరికి పాలిస్టైరిన్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అమ్మ ప్రేమగా వేసిపెట్టిన నాలుగు గోళీలకు దీపాల అద్దాలు పొగబారిన షోకేసులు చూశాను.

దుమ్ము ఎలా తుడవాలి?

మేకప్ బ్రష్, మెత్తటిది. క్రోమ్ పూత మీద స్పిరిట్, శానిటైజర్ ఏదీ వద్దు, పూత లేచిపోతుంది. వైపర్లు, అద్దాల వైపు బ్రష్ కూడా తిప్పకండి, ఊదండి.

జర్మనీ నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ ఎంత పడుతుంది?

మోడల్ కార్లు బొమ్మల పద్దు కిందే వస్తాయి. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఆ తర్వాత కూడా సుంకాల పట్టికలో మార్పులు వచ్చాయి కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు ఆ రోజు రేటు చూసుకోండి. కొరియర్ ఖర్చు, జీఎస్టీ దీనికి అదనం. 'గిఫ్ట్' అని రాయిస్తే తప్పించుకోవచ్చన్న పాత సలహా వినకండి, 2019 డిసెంబర్ నుంచి విదేశాల నుంచి వచ్చే బహుమతులకు ఆ మినహాయింపు తీసేశారు. మనవాళ్లు స్టుట్‌గార్ట్, మ్యూనిక్‌లలో చాలామంది ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులకు వచ్చే బంధువు బ్యాగేజీ నిబంధనల లోపల ఒకటి రెండు తెచ్చిపెట్టడం అన్నిటికంటే తేలిక. చేతి సంచిలో పెట్టుకోమని చెప్పండి, చెకిన్ సూట్‌కేసులో అద్దాలు మిగలవు.

జర్మన్ ప్రకటనల్లో ఏ మాటలు గుర్తుపట్టాలి?

'ఓవీపీ' అంటే అసలు డబ్బాతో సహా. 'బెష్‌పీల్ట్' అంటే పిల్లలు ఆడుకున్నది. 'డెఫెక్ట్' అంటే విరిగింది. 'బాస్ట్లర్' అన్న మాట ఉంటే, బాగుచేసుకునే ఓపిక ఉన్నవాళ్లకే అని అర్థం. ధర చూసి సంబరపడే ముందు ఈ నాలుగూ వెతకండి.

డబ్బా దాచాలా?

అమ్మే ఆలోచన ఏ మూలన ఉన్నా దాచండి. లేకపోయినా ఇల్లు మారేటప్పుడు పనికొస్తుంది.

వీటి ధర పెరుగుతుందా? పెట్టుబడిగా కొనొచ్చా?

కొనొద్దు. అసలు కార్ల ధరకు, మోడల్ ధరకు సంబంధం లేదు. 2022 మేలో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడైంది, అప్పటికి ప్రపంచంలో ఏ కారుకూ రాని ధర అది. దాని మోడళ్లు కొన్నవాళ్లకు ఒరిగిందేం లేదు. ఆగిపోయిన మోడల్ ధర కొన్నాళ్లు పెరుగుతుంది. వేరే కంపెనీ అదే కారును ఇంకా బాగా చేసి వదిలిన రోజు సగానికి పడిపోతుంది. ఈఎంఐ మీద మోడళ్లు కొని టెన్షన్ పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

టాటా-మెర్సిడెస్ లారీ మోడల్‌ని ఈ సేకరణలో కలపొచ్చా?

లగ్జరీ కాదు కానీ, కాదనలేను. 1954 నుంచి 1969 దాకా జంషెడ్‌పూర్‌లో డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో టాటా లారీలు మూడు కొమ్ముల నక్షత్రంతోనే రోడ్డెక్కాయి. పాతతరం తెలుగువాళ్లకు బెంజి అంటే ముందు గుర్తొచ్చేది లారీయే. అడెనావర్ ఉన్న కాలానిదే అది కూడా, పక్కనే పెట్టండి.

జర్మనీ వెళ్తే ఏం చూడాలి?

స్టుట్‌గార్ట్ మెర్సిడెస్ మ్యూజియంలో అసలు కార్ల చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకోండి. గ్రిల్లు, దీపాలు, గడపలు దగ్గర నుంచి. ఇంటికొచ్చాక మోడల్ కొనేటప్పుడు అవే మీ కొలబద్ద. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ మ్యూజియం ఉంది. న్యూరెంబర్గ్ బొమ్మల మ్యూజియంలో ఆ ఊరి రేకు కార్ల చరిత్ర తెలుస్తుంది. వసంతకాలంలో వెళ్తే ఎస్సెన్‌లో పాత కార్ల ప్రదర్శన చూడండి, అసలు కార్ల హాళ్ల మధ్యలో మోడళ్ల దుకాణాలు ఉంటాయి. బేరం ఆడొచ్చు, ముఖ్యంగా చివరి రోజు మధ్యాహ్నం.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఎలా?

వాళ్లకు సీకు కారు ఒకటి కొనివ్వండి. జర్మనీలోని లూడెన్‌షైడ్ ఊరి కంపెనీ అది, వీకింగ్ కూడా 1984 నుంచి వాళ్లదే. పడేసినా పగలవు. మీ బీరువాకు మాత్రం పిల్లల చేతికి అందని ఎత్తులో తాళం వేయించండి. మూడేళ్ల పిల్లాడు మొదట పీకేది బానెట్ మీది ఆ నక్షత్రాన్నే, తర్వాత నోట్లో పెట్టుకుంటాడు.